గుంజ అనరాదు, పాతడం అనరాదు

ఒకానొక రాజ్యంలో నేల నల్లగా, ఎండ తెల్లగా, రాజుగారి ముక్కు ఎప్పుడూ ఆకాశం వైపుగా ఉండేవి. ఆ రాజ్యాన్ని జనం నల్లమట్టూరు అనేవాళ్ళు. మట్టి అనే మాట తన సింహాసనానికి తగదని రాజుగారు దానికి కృష్ణమృత్తికాపురం అని పేరు మార్చారు. జనానికి నోరు తిరగలేదు. నల్లమట్టూరు నల్లమట్టూరుగానే ఉండిపోయింది.

రాజుగారి పేరు దిగ్విజయ భూపాలుడు. ఏ దిక్కునీ జయించింది లేదు సరికదా, సొంత పొలిమేర దాటి అవతలి ఊరి నీళ్ళు తాగి ఎరుగరు. ఆయన యుద్ధాలన్నీ మాటలతోనే. మోటుగా ఉందనిపించిన మాటనల్లా కొలువులోంచి వెళ్ళగొట్టి, దాని స్థానంలో ఒక పెద్దమాటను కూర్చోబెట్టేవారు. ఆ పని మీద ఆయనకి సోమప్రెగడ అనే మంత్రి సాయం. ఆ మంత్రికి ఉదయం లేస్తే నిఘంటువు, రాత్రి పడుకుంటే నిఘంటువు.

ఆ కొలువులో మిరియాల గురవప్ప అని ఒకడు ఉండేవాడు. వేరే రాజులు నవ్వించడానికి విదూషకుల్ని పెట్టుకుంటారు. ఈయన కోపిష్టిని పెట్టుకున్నారు. గురవప్పది ఆవులదిన్నె అనే పశువుల ఊరు. అన్యాయం చెవిన పడిందంటే వాడి చెవులు ఎర్రబడేవి, గొంతు కీచుమనేది, చేతులు రెండూ గాలిలో టపటపా కొట్టుకునేవి. ఒకసారి భటులు ఎవరిదో ఎద్దుని ఊరికే కొట్టారని మొర పెట్టుకోవడానికి వచ్చాడు. వాడి వాలకం చూసి రాజుగారికి నవ్వాగలేదు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, వీణ్ణి ఎక్కడికీ పోనివ్వకండి అన్నారు. ఎద్దు సంగతి ఎవరికీ గుర్తు లేదు.

అప్పటినుంచి కోప్పడటమే వాడి కొలువు. రాజుగారికి విసుగు పుట్టినప్పుడల్లా ఎవరో ఒకరు రాజ్యంలో జరిగిన అన్యాయం ఒకటి తెచ్చి వాడి ముందు పెట్టేవారు. వాడు భగ్గుమనేవాడు. సభ మొత్తం పొట్ట పట్టుకునేది. రాజుగారు ముద్దుగా "మిరియం" అని పిలిచేవారు. ఒక మనిషి గుండె మండి మాట్లాడుతుంటే ఎదుట కూర్చున్నవాళ్ళు పకపకా నవ్వడం కంటే పెద్ద చెంపదెబ్బ ఇంకొకటి ఉంటుందా? ఆ దెబ్బ గురవప్ప రోజూ తిన్నాడు. ఎప్పటికైనా ఒక్క మాట రాజుగారి చెవిలోకి దూరకపోతుందా అన్న ఆశతో తిన్నాడు.

కొలువు మొదలయ్యే తీరు కూడా చెప్పాలి. రాజుగారు సింహాసనం మీద కూర్చోగానే పొగడ్తలు చదివే వంది ముందుకు వచ్చి చెయ్యెత్తి చదివేవాడు.

"బీటిలో మ్రాను నాటినవానికి ఆ మ్రానూ, దాని నీడ పడినంత నేలా ఆచంద్రార్కంగా ఇచ్చిన తాతకు మనవడా, ఆడి తప్పని వంశమా, పరాకు."

బీటిలో అంటే బీడునేలలో, మ్రాను అంటే చెట్టే. రాజుగారి తాతగారి కాలంలో కరువొచ్చి నేలంతా బోసిపోతే, చెట్టు నాటినవాడికి దాని నీడ పడినంత నేల ఇస్తానని ఆయన మాట ఇచ్చారు. ఆ మాట మీద ఊళ్ళు నిలబడ్డాయి. మనవడు ఏమీ నాటలేదు, ఏమీ ఇవ్వలేదు, కానీ ఆ పొగడ్త మాత్రం రోజూ వినేవారు. విని గడ్డం కాస్త పైకెత్తి, "తప్పము" అనేవారు. ఆ తర్వాతే కొలువు.

ఇలా ఉండగా రాజుగారికి అరబ్బీ గుర్రాల మీద మోజు పుట్టింది. గుర్రాలు వచ్చాయి. వాటికి పచ్చిక కావాలి. రాజ్యంలో పచ్చిక ఉన్న చోటు ఆవులదిన్నె పక్కనున్న పెద్దబీడు ఒక్కటే. ఊరి ఆవులూ, గేదెలూ, మేకలూ అన్నీ తరతరాలుగా అక్కడే మేస్తున్నాయి. రాజుగారు ఆ బీడు చుట్టూ కంచె వేయించి గుర్రాలకి ఇమ్మన్నారు. పైగా ఆ కంచె ఆవులదిన్నె వాళ్ళే వెట్టికి వెయ్యాలన్నారు. అంటే, తమ పశువుల నోటి దగ్గర గడ్డిని తామే తమ చేతులతో మూసెయ్యాలి. పెద్దబీడు పోతే ఆ ఊళ్ళో పశువు బతకదు. పశువు బతకకపోతే ఊరు మూటాముల్లే కట్టుకోవాల్సిందే.

చెయ్యక చస్తారా, చేశారు. తుమ్మమొద్దులు నరికి గుంజలు పాతి, నడుమ కంప కట్టారు.

నల్లరేగడి సంగతి ఎరిగినవాళ్ళకి తర్వాత జరిగింది చెప్పనక్కర్లేదు. ఎండాకాలం ఆ నేల నోళ్ళు తెరుస్తుంది, చెయ్యి పెడితే మోచేతి దాకా పోతుంది. వాన పడితే ఉబ్బి, జిగటెక్కి, కాలు పట్టుకుని వదలదు. అది అలా ముడుచుకుంటూ ఉబ్బుతూ ఉంటే అందులో ఎండుకర్ర ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఒక వానాకాలం పోయేసరికి గుంజలన్నీ తాగొచ్చినవాళ్ళలా తలో దిక్కుకీ వాలిపోయాయి. వాటిని తోసుకుని ఊరి ఆవులు మళ్ళీ బీట్లోకి వెళ్ళాయి. వాటికి రాజాజ్ఞ తెలియదు కదా.

రాజుగారు చూడటానికి వచ్చారు. ఒరిగిన గుంజ ఒకటి కనిపించింది. ఇది ఎవరు పాతారన్నారు. నేనేనని ఓబులేసు అనే రైతు ముందుకొచ్చాడు. ఓబులేసు మన గురవప్పకి బావ, అక్క సుంకులమ్మ మొగుడు. నేల గుణం ఇది దొరా అని చెప్పబోయాడు. రాజుగారు వినలేదు. నా గుంజ నిలబడకపోతే దాని బదులు నువ్వు నిలబడు అన్నారు. గుంజ పీకించి, ఆ గోతిలో ఓబులేసుని మోకాళ్ళ దాకా పాతించి, మట్టి దట్టించి, ఎండలో వదిలేసి వెళ్ళిపోయారు. పొద్దు వాలాక ఊరివాళ్ళు తవ్వి తీశారు. మనిషి బతికాడు. కానీ ఆ రోజునుంచి అతని కాళ్ళు అతనివి కావు. కర్ర లేకుండా నడవలేడు, పిలిస్తే చాలాసేపటికి గానీ పలకడు.

దొర మనిషిని పాతేశాడని ఊరూరా చెప్పుకున్నారు. ఆ మాట కోటలోకి చేరింది. అప్పుడు రాజుగారికి కోపం వచ్చింది. చేసిన పని మీద కాదు, మాట మీద. పాతడం అనేది పీనుగులకి వాడే మాట అని, రాజు పేరు పక్కన అది వినపడటం అరిష్టమని సోమప్రెగడ నిఘంటువు తెరిచి చూపించాడు. గుంజ అనేది గేదెని కట్టేసే కర్ర, అదీ మోటే అన్నాడు. వెంటనే చాటింపు వేయించారు. ఇకమీదట రాజ్యంలో గుంజ అనరాదు, పాతడం అనరాదు. మ్రాను అనాలి, నాటడం అనాలి. మనిషి కాళ్ళు పోగొట్టి, మాటకి ముసుగు వేశారు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ వెంటనే రెండో చాటింపు. వానలు పడకముందే ఆవులదిన్నె ప్రజలు పెద్దబీడు చుట్టూ ఇంటికింత చొప్పున కొత్త మ్రాకులు నాటవలెను.

ఆ పూట కొలువులో గురవప్ప కోపం ఎవరూ ఎన్నడూ చూడనిది. బావ పేరు ఎత్తేసరికి గొంతు కీచుమని, మాట తడబడి, చేతులు కొట్టుకుని కొట్టుకుని తలపాగా ఊడి కిందపడింది. సభ గొల్లుమంది. సోమప్రెగడ నిఘంటువు మీద వాలిపోయి నవ్వాడు. రాజుగారు ఊపిరందక రొమ్ము పట్టుకున్నారు. కాస్త తేరుకున్నాక, ఈసారి మ్రాకులు మిరియమే నాటిస్తాడని, వానలు వెలిశాక ఒక్కటి ఒరిగినా ఆ గోతిలో వాడే నిలబడతాడని సెలవిచ్చారు. అందరూ మళ్ళీ నవ్వారు. గురవప్ప తలపాగా తీసుకుని ఆవులదిన్నె దారి పట్టాడు.

ఊళ్ళో అక్క గుమ్మం ముందు కూలబడి మళ్ళీ మొదలుపెట్టాడు. రాజుని తిట్టాడు, మంత్రిని తిట్టాడు, గుర్రాల్ని తిట్టాడు. అరుగు మీద ఓబులేసు కాళ్ళు చాపుకుని ఎటో చూస్తున్నాడు. సుంకులమ్మ దొడ్లో పేడ తీస్తూ అంతా వింది. చేతులు కడుక్కుని వచ్చి తమ్ముడి ఎదుట నిలబడింది.

"అయిందా?" అంది. "ఆడ కోప్పడితే వాళ్ళకి నవ్వులాట, ఈడ కోప్పడితే మాకు ఏడుపు. నీ కోపంతో ఎవురికి ఏమొచ్చిందిరా గురవా? నీ కోపం వాళ్ళ నోటికి తాంబూలమైంది. నమిలి ఊంచుతాండారు."

గురవప్పకి ఆ మాట గుచ్చుకుంది.

"ఇంగ కంచె మేమే ఎయ్యాల, బీడు గుర్రాలకియ్యాల, పసరాల్ని కసాయికి తోలాల. పైగా మాట గూడా అనగూడదంట." ఆమె దొడ్డివైపు చెయ్యి చూపింది. "అదో, మా ఎర్రావును కట్టేసే గుంజ. గుంపెన కొయ్య, పచ్చిది కొట్టుకొచ్చి పోయినేడు మీ బావే పాతినాడు. పాతిన మనిషి ఇట్లయిపాయ, అది మాత్రం చిగురేసుకుని పెరుగుతాంది. దాన్నేమనాల్నో అడుగు మీ రాజును. గుంజా, మానా?"

గుంపెన చెట్టు అలాంటిదే. దాని పచ్చికొమ్మ నరికి నేలలో గుచ్చితే చాలు, నాలుగు చినుకులకి వేరు పట్టి చిగురిస్తుంది. ఆ ఊళ్ళో అది అందరికీ తెలిసిన సంగతే. అయినా కంచెకి ఎవరూ వాడరు. కంచె అంటే ఎండుకర్రే వాళ్ళ లెక్కలో.

గురవప్ప ఆ గుంజ వైపు చూశాడు. తల నిండా లేతాకులు పెట్టుకుని అది నిలువునా ఉంది. పొద్దు వాలుతోంది. దాని నీడ దొడ్డి దాటి, వాకిలి దాటి, అరుగు మీది ఓబులేసు పాదాల దాకా వచ్చింది. చూస్తుండగా గురవప్ప చెవుల ఎరుపు తగ్గింది. చేతులు ఒళ్ళో పడ్డాయి. కోపం పోలేదు. పైకి ఉబికేది లోపలికి దిగింది, అంతే.

"అక్కా, వంది పొద్దున చదివేది నీకు నోటికొచ్చునా?" అని అడిగాడు.

"పసిబిడ్డలకి గూడా వచ్చు. ఏంది ఇప్పుడు?"

వాడు లేచి ఊరి పెద్దల్ని పిలిచాడు.

మరునాడు కొలువులో గురవప్ప మళ్ళీ చేతులు కొట్టుకుంటూ ప్రవేశించాడు. ఈసారి మాత్రం కొట్టుకోవాలని కొట్టుకున్నాడు. గుంజని మ్రాను అన్నంత మాత్రాన అది మ్రానైపోతుందా, పాతడాన్ని నాటడం అంటే నాటడమైపోతుందా, ఇదెక్కడి చోద్యం అని గొంతు కీచుమనిపించాడు. రాజుగారికి పండగైపోయింది. నవ్వీ నవ్వీ సింహాసనం మీద నిటారుగా కూర్చుని నిండుసభలో అన్నారు.

"ఒరే మిరియం, విను. నేను మ్రాను అంటే అది మ్రానే. నేను నాటడం అంటే అది నాటడమే. రాజు నోట వచ్చిన మాటకి వేరే అర్థం లేదు."

ఆ మాట అందరూ గుర్తుంచుకోవాలని గురవప్ప ప్రాధేయపడ్డాడు. ఎవరైనా మరిచిపోతే తనకి కోపం వస్తుందన్నాడు. రాజుగారు ముచ్చటపడి ఆ వాక్యాన్ని కూడా చాటింపు వేయించారు.

ఆవులదిన్నె వాళ్ళు గుట్ట మీద గుంపెన కొమ్మలు మనిషి ఎత్తుకి పైగా ఉన్నవి చూసి కొట్టుకొచ్చారు. పచ్చివి, బెరడు దెబ్బతినకుండా తెచ్చారు. ఎండకి నేల ఎక్కడికక్కడ పగిలి ఉంది. ఆ పగుళ్ళ మధ్యే గోతులు తీసి, కుండలతో నీళ్ళు మోసి, ఒక్కో ఇంటివాళ్ళు తమ వంతు కొమ్మలు తామే నాటారు. పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఆ బిడ్డ చెయ్యి కూడా కొమ్మకి తాకించారు. ఓబులేసు కర్ర ఊతగా వచ్చి, తనని నిలబెట్టిన ఆ గోతి దగ్గర చాలాసేపు ఆగాడు. ఆ గోతిలో కొమ్మ అతనే నాటాడు. సుంకులమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆ తర్వాత వానలు దిగాయి. రేగడిలో వానాకాలం రాజులు తిరగరు. పల్లకీ మోసేవాళ్ళ కాళ్ళకి మట్టి పట్టి అడుగు కదలదు, గుర్రాలు దిగబడతాయి. కోటలోంచే కంచె ఎలా ఉందని కబురంపేవారు. పచ్చగా ఉంది దొరా అని భటులు వచ్చి చెప్పేవారు. మన మాట మహిమ చూశావా అని రాజుగారు సోమప్రెగడతో అని మురిసిపోయేవారు. పచ్చగా అంటే దివ్యంగా అని ఆయన అర్థం. భటులు చెప్పింది ఉన్నమాట.

వానలు వెలిశాయి. మట్టి గట్టిపడింది. గుర్రాల్ని బీట్లోకి వదలడానికి సోమప్రెగడ పంచాంగం చూసి గోధూళి వేళ ముహూర్తం పెట్టాడు. బాజాలతో, గుర్రాలతో, వందితో, సభికులందరితో రాజుగారు ఆవులదిన్నెకి తరలివచ్చారు. ఊరు ఊరంతా బీడు అంచున నిలబడి ఉంది. వాళ్ళ వెనక పశువులు.

రాజుగారు పల్లకీ తెర తీసి చూశారు. కంచె ఉంది. ఒక్కటీ ఒరగలేదు. కానీ దాని నిండా ఆకులున్నాయి. కొమ్మలు వేసి, పక్కకి చాపి, ఒకదాన్ని ఒకటి అందుకుంటున్నాయి. ఒక పిట్ట గూడు కూడా పెట్టింది.

రాజుగారు ముందు శుభమా అని వందిని చదవమన్నారు. వంది చెయ్యెత్తాడు. బీటిలో మ్రాను నాటినవానికి ఆ మ్రానూ, దాని నీడ పడినంత నేలా అని చదివాడు. చదువుతూ చదువుతూ ఎదురుగా ఉన్నదేమిటో చూసి వాడి గొంతు సన్నబడింది. రాజుగారు అలవాటుగా గడ్డం ఎత్తి, "తప్పము" అన్నారు.

"సంతోషం దొరా," అన్నాడు గురవప్ప.

వాడి గొంతు కీచుగా లేదు. చేతులు కదల్లేదు. చెవులు మామూలుగా ఉన్నాయి. అది చూసి సభికులకి ఎందుకో నవ్వు రాలేదు.

"తమరి ఆజ్ఞ ప్రకారం ఆవులదిన్నె వాళ్ళు బీటిలో మ్రాకులు నాటారు. మ్రాకులు బతికాయి. తమరి తాతగారి మాట ప్రకారం అవి వాళ్ళవి. వాటి నీడ పడినంత నేలా వాళ్ళది. నీడ ఎక్కడిదాకా పడిందో తమరే చూడాలి."

పొద్దు గుట్ట మీదికి దిగింది. పడమటి వరసలో ఉన్న ఒక్కొక్క మాను నీడా సాగి సాగి, బీడు అడ్డంగా దాటి, తూర్పు వరస మొదళ్ళని తాకింది. పచ్చిక మొత్తం నీడే. ఎండ పడిన చోటు రాజుగారి పల్లకీ నిలబడ్డ మెరక ఒక్కటే.

సోమప్రెగడ గబగబా ముందుకు వచ్చాడు. ఇవి మ్రాకులు కావు, కంచె గుంజలు అన్నాడు. ఆ మాట నోట వచ్చాక నాలుక కరుచుకున్నాడు. గుంజ అనరాదని చాటింపు ఉంది కదా మంత్రిగారూ అన్నాడు గురవప్ప. రాజు మ్రాను అంటే అది మ్రానే అని కూడా ఉంది, ఆ మాట నిండుసభలో నేనే అడిగి మరీ చెప్పించుకున్నాను అన్నాడు.

అయితే నాటించింది రాజుగారు, కాబట్టి రాజుగారివే అన్నాడు మంత్రి. గురవప్ప వంది వైపు తిరిగి, తాతగారు ఇచ్చింది నాటినవాడికా నాటించినవాడికా అని అడిగాడు. వంది భయంగా రాజుగారి వైపు చూసి, నాటినవాడికే అన్నాడు.

సోమప్రెగడకి చివరిది ఒకటి మిగిలింది. నీడ అంటే మధ్యాహ్నం నీడే లెక్క, సాయంత్రపు నీడని ఎవరు ఒప్పుకుంటారు అన్నాడు. మధ్యాహ్నం నీడ మాను మొదట్లోనే ఉంటుంది, అంత నేలే ఇస్తే చాలన్నాడు. రాజుగారి మొహం కాస్త వికసించింది.

"ఒప్పుకుంటాను దొరా," అన్నాడు గురవప్ప. "అట్లయితే రేపటినుంచి వంది కూడా అట్లే చదవాలి. మధ్యాహ్నం మాత్రమే ఆడి తప్పని వంశమా, పరాకు అని. తమరు కూడా మధ్యాహ్నం మాత్రమే తప్పము అనాలి. తక్కిన పొద్దంతా తమరి మాట ఎట్లా ఉంటుందో జనం వాళ్ళే చూసుకుంటారు."

అంతే. రాజుగారి చెవులు ఎర్రబడ్డాయి. పల్లకీలోంచి లేచి నిలబడి ఏదో అనబోయారు. గొంతు కీచుమంది. రాజద్రోహం అనబోతే మాట తడబడి రెండుసార్లు మొదటికి వచ్చింది. చేతులు రెండూ గాలిలో టపటపా కొట్టుకున్నాయి. కొట్టుకుని కొట్టుకుని కిరీటం పక్కకి ఒరిగింది.

ఊరివాళ్ళలో ముందు సుంకులమ్మ నవ్వింది. ఆపుకోవాలని చూసి, ఆపుకోలేక, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పక్కనున్న ఆడవాళ్ళకి అంటుకుంది. తర్వాత మగవాళ్ళకి. తర్వాత పల్లకీ మోసే బోయీలకి. ఆఖరికి కొలువులో గురవప్ప కోపానికి నవ్వడం అలవాటైన సభికులకి కూడా నోరు అదుపు తప్పింది. ఎవరి కోపమైతేనేం, చూడటానికి అలాగే ఉంది.

రాజుగారు చుట్టూ చూశారు. ఆయన నిజంగా మండిపోతున్నారు. ఇంతమంది నవ్వుతున్నారు. ఒక్కరు కూడా ఆయన ఏమంటున్నారో వినడం లేదు. ఆయన చూపు గురవప్ప మీద పడింది. అక్కడున్నవాళ్ళలో నవ్వనిది వాడొక్కడే.

రాజుగారి చేతులు మెల్లగా కిందికి దిగాయి. ఒరిగిన కిరీటాన్ని తడుముకున్నారు. సరిచేసుకోబోయి ఆగారు. ఈ ఒక్కటీ ఒరిగింది కదరా మిరియం, దీన్ని ఎవరు నాటారో అన్నారు. అని, తన మాటకి తానే నవ్వారు. మొదట కాస్త, తర్వాత పల్లకీ ఊగేలా నవ్వారు. బీడు ఆవులదిన్నెదే అన్నారు. ఊరివాళ్ళు ఒప్పుకుంటే గుర్రాలు మేకల వెనక మేస్తాయి, ఒప్పుకోకపోతే కోటలో దాణా తింటాయి అన్నారు. మెడలోని హారం తీసి గురవప్పకి ఇవ్వబోయారు.

గురవప్ప హారం పుచ్చుకోలేదు. తనకి వేరే బహుమానం కావాలన్నాడు. రేపు కొలువులో తాను కోప్పడతాడు, అది అయ్యేదాకా ఎవరూ నవ్వకూడదు. ఇంత చిన్న కోరికా అన్నారు రాజుగారు. ఇచ్చాం అన్నారు.

మరునాడు వంది చదివాడు. రాజుగారు తప్పము అన్నారు. గురవప్ప సభ మధ్యలోకి వచ్చాడు. వాడితో కర్ర ఊతగా ఇంకొకతను వచ్చాడు. ఓబులేసు. అతను గుమ్మం నుంచి సభ నడుమకి రావడానికి పట్టినంతసేపూ కర్ర చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

అప్పుడు గురవప్ప కోప్పడ్డాడు. చెవులు ఎర్రబడ్డాయి, గొంతు కీచుమంది, చేతులు కొట్టుకున్నాయి, తలపాగా ఊడి పడింది. అంతా ఎప్పటిలాగే. ఆ ఎండ ఎలాంటిదో చెప్పాడు. గోతిలో మట్టి దట్టించిన భటులు తమ కాళ్ళతోనే తొక్కి బిగించారని చెప్పాడు. అక్క నీళ్ళు తెస్తే తోసేశారని చెప్పాడు. పొద్దున తన కాళ్ళ మీద నడిచిపోయిన మనిషిని సాయంత్రం నలుగురు మోసుకొచ్చారని చెప్పాడు. సోమప్రెగడ పెదవులు అలవాటుగా ఒకసారి కదిలాయి. రాజుగారు అటు చూశారు. పెదవులు ఆగిపోయాయి.

"మోటుమాటకి బదులు మ్రాను అన్నారు, నాటడం అన్నారు," అన్నాడు గురవప్ప. "మా బావకి చేసినదాన్ని ఏమనాలో చెప్పండి దొరా. తమరి నిఘంటువులో దానికి ఏ మాట పెట్టారు? నాటారు అనాలా?"

రాజుగారు ఓబులేసు కాళ్ళ వైపు చూశారు. సింహాసనం దిగి వచ్చి అతని ఎదుట నిలబడ్డారు. ముక్కు ఆకాశం వైపు లేదు.

"పాతించాను," అన్నారు. "నిన్ను నేను పాతించాను."

ఓబులేసు చాలాసేపటికి గానీ పలకడని చెప్పాను కదా. ఆ రోజు కూడా చాలాసేపటికే పలికాడు.

"అవును దొరా," అన్నాడు.

ఓబులేసుకి రాజుగారు ఏమేం ఇచ్చారో, ఏ వైద్యుణ్ణి పంపారో చెప్పుకుంటూ పోతే చాలా ఉంది. పెద్దబీట్లో గుంపెన మాకులు ఇప్పటికీ ఉన్నాయి. ఆ రాజ్యంలో ఆ రోజు నుంచి గుంజని గుంజ అనే అంటారు, పాతడాన్ని పాతడం అనే అంటారు.